ఆవిడ నెత్తురు, నా శాలువా

నల్లకుంట, హైదరాబాద్
జూన్ 16

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి మృగశిర కార్తె వచ్చాక జవాబు రాస్తున్నాను. సాకులు మూడున్నాయి గానీ మూడూ నువ్వు నమ్మవు, వదిలెయ్.

అందరం బాగున్నాం. పెద్దాడికి ఉద్యోగం ఖాయమైంది, గచ్చిబౌలిలో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఆవకాయ ఈసారి సగమే పెట్టారు, నీ వాటా అడక్కు. మా సేవా క్లబ్బు తరఫున పెట్టిన చలివేంద్రం మూసేశాం. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ప్యాకెట్లు పంచాం. జనం కొర్రమీను పిల్లను గుటుక్కున మింగుతుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను, ఎందుకో నీకొక్కడికే తెలుసు. బడులు తెరిచారు, నోటుబుక్కులు ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయి. జూలై 1 నుంచి కొత్త కార్యవర్గం. ఆ ప్రమాణ స్వీకారమే ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది. అది చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు, విను.

మే నెలాఖరు ఆదివారం రక్తదాన శిబిరం పెట్టాం. ఎండాకాలం వస్తే కాలేజీలకు సెలవులు. ఎక్కువగా ఇచ్చేది ఆ పిల్లలే కాబట్టి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వ అడుగంటిపోతుంది. తలసీమియా పిల్లలకు, అదే, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బున్న పిల్లలకు మాత్రం సెలవుల్లేవు, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. పోనీ ముందే సేకరించి దాచుకుందామా అంటే ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఇదంతా నేనే మైకులో చెప్పాను. ముప్పావుగంట. నా చేతికి మైకొస్తే ఏమవుతుందో వరంగల్ పెళ్లిలో చూశావుగా. అంతకన్నా బాగా మాట్లాడాను, ఒట్టు.

మా ప్రెసిడెంటు గారి మనవరాలు ఒకతి ఉంది, ఎనిమిదేళ్లుంటాయేమో, ముందు కుర్చీలో కూర్చుని మామిడి జ్యూసు పీలుస్తూ, "మరి మీరిచ్చిండ్రా అంకుల్?" అంది. మైకు ఆన్‌లోనే ఉంది.

ఇంకేం చేస్తాను, వెళ్లాను. నర్సమ్మాయి వేలి కొస గుచ్చి, సన్న గొట్టంతో చుక్క తీసి, మైలుతుత్తం నీళ్లలో వేసింది. చుక్క 15 సెకన్లలోపు అడుక్కి దిగితే పాసు. నాది కొంచెం దిగింది, ఆగింది, ఏదో ఆలోచించుకుంది, మళ్లీ పైకొచ్చి మూసీలో పడేసిన పూలదండలా తేలుతూ కూర్చుంది. మిషన్ మీద కూడా చూశారు. హిమోగ్లోబిన్ 11.8. కావాల్సింది 12.5. "మీకే రక్తం తక్కువుంది సార్" అంది ఆ అమ్మాయి, మెల్లగా అంటే ఏం పోయిందో!

అసలు దెబ్బ ఇది కాదు. పొద్దున ఇంట్లో లక్ష్మితో, "ఆడవాళ్లకు రక్తమే తక్కువ, నువ్వు క్యాంపుకెందుకు, ఉప్మా సంగతి చూడు" అని వచ్చాను. ఆవిడ ఉప్మా గిన్నె టేబుల్ మీద పెట్టి, చేయి కడుక్కొని, నా వెనకాలే వేలు చాపింది. చుక్క రాయిలా దిగింది. 13.4! మారు మాట్లాడకుండా మంచమెక్కి, బంతి పిసుకుతూ, నర్సుతో గోంగూర పచ్చడి గురించి ముచ్చట పెట్టుకుంది. నేను పక్కన మహా ధైర్యంగా నిలబడ్డాను. ఆ సంచీ ఒక చిన్న పళ్లెంలో ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతూ నిండుతోంది. గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉందిరా.

తర్వాత నాకు తెలిసింది సీలింగ్ ఫ్యాను. మన కప్పల ల్యాబే మళ్లీ! పక్క మంచం మీద పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టి, చేతిలో జ్యూసు పెట్టారు. వేలికి దూది, ప్లాస్టరు. లక్ష్మి అప్పటికే లేచి, రెండు బిస్కెట్లు తిని, వాలంటీర్లకు ఉప్మా వడ్డిస్తోంది. సరిగ్గా అప్పుడే మా ఫోటోగ్రాఫరు క్లిక్ మనిపించాడు.

రాత్రికి గ్రూపులో ఫోటో. కింద ప్రెసిడెంటు గారి వ్యాఖ్య: "మైకులో చెప్పడమే కాదు, మంచమెక్కి చూపించిన మన కార్యదర్శి!" చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. నేను "అది కాదండీ" అని టైపు చేశాను. ఈలోగా పైస్థాయి పెద్దాయన అభినందనలు పెట్టేశాడు. మా బావమరిది కూడా. చెరిపేశాను. ఆ ఒక్క నిమిషమే రా శీనూ, ఆ నిమిషం దాటాక ఇంకెలా చెప్తాను?

ఇప్పుడు ప్రమాణ స్వీకారంలో నాకు శాలువా కప్పుతారట, "ఆదర్శ రక్తదాత" అని. లక్ష్మి ఎవరికీ చెప్పలేదు. తన సర్టిఫికెట్ ఫ్రిజ్ మీద అంటించి, నేను మంచినీళ్లకు వెళ్లినప్పుడల్లా "నా నెత్తురు, మీ శాలువా" అంటుంది. పైగా వైద్యం మొదలుపెట్టింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం తోటకూర, రాత్రి ఖర్జూరాలు. భోజనం మీద కాఫీ, టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని అన్నం తిన్నాక నా కాఫీ తీసేసింది. డాక్టరూ అదే మాటన్నాడు, ఇద్దరూ కూడబలుక్కున్నట్టు.

ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. మొత్తం 43 సంచులొచ్చాయి. బ్లడ్ బ్యాంకు కుర్రాడు డబ్బాలు బండిలో పెడుతూ, "రేపు పొద్దున్నే పిల్లలొస్తరు సార్, మంచిగైంది" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచి ఆ ఫోటో కనబడితే నాకు... సరే, ఎందుకులే.

మొన్న 14న ప్రపంచ రక్తదాతల దినం. బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజట. ఇంట్లో చెప్పకుండా వెళ్లి మళ్లీ చుక్క వేయించుకున్నాను. ఈసారి కొంచెం లోతుకు దిగిందిరా! 12.1. రెండు వారాల్లో ఇంకో 0.4 పెరుగుతుందంటావా? పెరిగితే జూలై 1 లోపు నిజంగానే ఇచ్చేసి శాలువా కప్పించుకుంటాను. పెరక్కపోతే వేదిక మీద మైకందుకుని... మళ్లీ మైకే. నువ్వయితే ఏం చేస్తావు? చెల్లెమ్మను అడిగి రాయి, నీ సలహా వద్దు, నీ సలహా వినే కదా ఆ స్కూటర్ కొన్నది.

రాబోయేవి కూడా చెప్పాలి. బోనాలకు లాల్‌దర్వాజా దగ్గర మంచినీళ్లు, చవితికి మట్టి గణపతులు, అక్టోబర్ 1న మళ్లీ రక్తదానం, దానికి నువ్వు ఎలాగైనా

ఉండు, డీటీపీ షాపతను ఫోను. ఆహ్వాన పత్రిక ప్రూఫు పంపాడట, నా పేరు పక్కన "రక్తదాత" అని బంగారు అక్షరాల్లో వేశాడట, ఇంకో పావుగంటలో మిషన్ ఎక్కిస్తాడట. పరిగెడుతున్నాను. మిగతాది రేపు రా