మన అకౌంట్స్ సార్ గుమాస్తానే

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా మన ఒకేషనల్ ఇంటర్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "అకౌంటింగ్ అండ్ ట్యాక్సేషన్‌కి కొత్తగా వచ్చిన సార్ మిర్చి యార్డు గుమాస్తా అట కదా!" నిజమే. ఎం.కాం. చేసి, గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు పద్దులు రాసి, తర్వాత ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసిన మనిషి. అది చూసే తీసుకున్నాం. బ్యాంకింగ్ మేడమ్ బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరైనవారు. మార్కెటింగ్ సార్ ఊరూరా తిరిగి సబ్బులు అమ్మినవారు. వాళ్ల మీద మాత్రం గ్రూపులో ఎవరూ రాయలేదు, ఎందుకో!

ఎండుమిర్చికి జీఎస్టీలో సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 0904, పన్ను 5 శాతం అని ఏ పుస్తకమైనా చెబుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాక కమీషన్ ఏ పద్దులోకి, హమాలీ ఏ పద్దులోకి వెళ్తాయో చెప్పడానికి ఆ పని చేసినవాళ్లు కావాలి. పాత పుస్తకాల్లో ఉన్న 12 శాతం జీఎస్టీ శ్లాబు 2025 సెప్టెంబరు 22తో పోయింది. సార్ మొదటి క్లాసులోనే దాన్ని కొట్టేయించారు.

"కంప్యూటర్ ఇవ్వకుండా చేత్తో రాయిస్తున్నారు" అన్నది ఇంకో ఫిర్యాదు. రాయించమన్నది నేనే! ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎంట్రీ వేసినా బ్యాలెన్స్ షీటు చక్కగా వచ్చేస్తుంది. డెబిట్ వేరే ఖాతాలో పడినా ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోతాయి. అప్పుకు సరుకు కొంటే ఎవరికి డెబిట్, ఎవరికి క్రెడిట్ అన్నది చేతికి అలవాటు కానివాళ్లకు ఆ తప్పు జన్మలో కనబడదు. జర్నల్ (రోజువారీ పద్దు), లెడ్జర్ (ఖాతాల పుస్తకం) చేత్తో రాయనిదే ల్యాబ్ తాళం తీసేది లేదు. ఈ విషయంలో నన్ను ఎవరూ మార్చలేరు.

ఆన్ జాబ్ ట్రైనింగ్‌లో ఉన్న మన సెకండియర్ అమ్మాయి, ఒక హార్డ్‌వేర్ షాపు కొనుగోలు బిల్లు జీఎస్టీఆర్-2బిలో (అమ్మినవాళ్ల రిటర్నుల నుంచి కొన్నవాళ్లకు తయారయ్యే స్టేట్‌మెంటు) లేదని పట్టుకుంది. అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపిస్తే తప్ప కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్ను సర్దుబాటు) రాదు. ఓనరు ఫోన్ చేసి "ఈ పాపను మాకే ఇచ్చేయండి" అన్నారు. (ఇవ్వం, ముందు ఇంటర్ పూర్తి కావాలి.) అదే బ్యాచ్ అబ్బాయి ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు వెంట ఉండే జీఎస్టీ పత్రం) లారీ నంబరు తప్పుపడిందని బండి కదలకముందే చెప్పాడు. దారిలో ఆపితే ఏమవుతుందో వాడికి బాగా తెలుసు, వాళ్ల నాన్నగారు లారీ డ్రైవరే.

ఇలాంటి పిల్లల్ని పక్కన పెట్టుకుని పెళ్లిళ్లలో "మావాడికి ఎంపీసీ సీటు రాలేదండీ, అందుకే ఒకేషనల్" అనకండి, దయచేసి. వాళ్లు వింటారు. ట్రైనింగ్ రోజుల్లో గృహప్రవేశాలకు సెలవు చీటీలు కూడా తగ్గిస్తే సంతోషం. అర్ధరాత్రి దాకా ఫోను చూసి ఫస్ట్ పీరియడ్‌లో కునికిపాట్లు పడుతున్నారు. ఆ ఫోను కొనిచ్చింది మేం కాదు కదండీ.

బస్ పాస్ ఫారాలు ఆఫీసులో ఉన్నాయి, పరీక్ష ఫీజు ఆలస్యం చేయకండి, రెండో శనివారం సెలవు.

సార్ పాఠం ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు మంగళవారం మధ్యాహ్నం వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. కిరాణా కొట్లున్నవాళ్లు మీ ఖాతా పుస్తకం కూడా తెచ్చుకోవచ్చు.

ఇట్లు,
ప్రిన్సిపాల్