‘గా’ ఉన్నదల్లా క్రియా విశేషణం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గడ్చిరోలి జిల్లా సిరొంచలో మరాఠీ మాధ్యమంలో చదువుకుంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు రాతను మాత్రం మీ పత్రిక చూసి నేర్చుకుంటున్న కొందరు పిల్లలకు సాయంత్రాలు పాఠం చెబుతుంటాను. మీ విద్యార్థుల పేజీలో ఈమధ్య వచ్చిన వ్యాకరణ పాఠం ‘గా’తో ముగిసే పదం క్రియా విశేషణమని (క్రియ గురించి చెప్పే పదమని), ‘ఎలా?’ అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చేదీ అదేనని చెప్పింది. ఈ రెండు గుర్తులూ కొంతదూరమే పనికొస్తాయి.

‘వాడు పెద్దగా అరిచాడు’, ‘ఇల్లు పెద్దగా ఉంది’ అన్న వాక్యాలు చూడండి. రెండింటికీ ‘ఎలా’ ప్రశ్న సరిపోతుంది, రెండింటిలోనూ ‘గా’ ఉంది. అయినా మొదటిది అరిచిన తీరును, రెండోది ఇంటి పరిమాణాన్ని చెబుతున్నాయి. ఇలాంటిచోట ఆ పదాన్ని నామవాచకం ముందుకు జరిపి చూడమంటాను. ‘పెద్ద ఇల్లు’ అన్నా అర్థం చెడదు కనుక అక్కడ అది ఇంటికి విశేషణమే; మొదటి వాక్యంలో ‘పెద్దవాడు’ అంటే వయసు మాట వచ్చిపడుతుంది, ‘పెద్ద అరుపు’ అంటేనే అర్థం నిలుస్తుంది కనుక ఇక్కడ అది క్రియకు చెందినది. (‘ప్రాణహిత నిండుగా పారుతోంది’ అంటే ఆ నిండుదనం నదిదా, పారడానిదా అన్న వాదన వస్తే నేను రెండు పక్షాలకూ మార్కులు వేస్తాను.) ఇక ‘గుమాస్తాగా పనిచేస్తున్నాడు’లో ‘గా’ హోదాను తెలుపుతుంది, ‘చూస్తుండగా’లో అసమాపక క్రియలో భాగం, ‘వచ్చావుగా’లో ‘కదా’కు బదులు వచ్చినది.

మరాఠీ వ్యాకరణం పదాలను 8 జాతులుగా విభజిస్తే, మన బడి పాఠాల్లో భాషాభాగాలు సాధారణంగా 5. అక్కడ క్రియావిశేషణ, శబ్దయోగి (నామవాచకాన్ని ఆశ్రయించేది), ఉభయాన్వయి (మాటలను, వాక్యాలను కలిపేది), కేవలప్రయోగి (ఆశ్చర్యం వంటి భావాన్ని తెలిపేది) అని 4 రకాలుగా విడదీసిన అవ్యయాలను, అంటే రూపం మారని పదాలను, మనం ఒకే గంపలో వేస్తాం. ‘కింద కూర్చో’లో ‘కింద’ ఒంటరిగా నిలిచి కూర్చునే చోటు చెబుతుంది. ‘చెట్టు కింద కూర్చో’లో అదే పదం చెట్టును ఆశ్రయించి విభక్తిలా పనిచేస్తుంది. ఇవే వాక్యాలను మరాఠీలో ‘ఖాలీ బస్’, ‘ఝాడాఖాలీ బస్’ అని చదివిన పిల్లలకు ఈ తేడా విప్పి చెప్పనక్కరలేదు, ఎందుకంటే మరాఠీలో రెండోదాన్ని అంటించే రాస్తారు. విచిత్రమేమిటంటే, పేరుకు అవ్యయమైనా ‘తో చాంగలా గాతో’ (అతడు బాగా పాడతాడు), ‘తీ చాంగలీ గాతే’ (ఆమె బాగా పాడుతుంది) అని అక్కడ కర్తను బట్టి రూపం మారుతుంది. మన ‘బాగా’ మారదు.

‘చాలా’ దగ్గర అందరూ తడబడతారు. ‘చాలా పుస్తకాలు’లో అది పుస్తకాల సంఖ్యను, ‘చాలా నవ్వాడు’లో నవ్వడాన్ని, ‘చాలా మంచి పుస్తకం’లో మంచితనాన్ని పట్టుకుంటుంది. మూడోదాంట్లో ‘మంచి’ తీసేస్తే ‘చాలా పుస్తకం’ మిగులుతుంది; అది తెలుగే కాదు.

కనుక ఇకమీదట విడి పదాల పట్టికలు కాక, ఒకే పదం రెండు పనులు చేసే పూర్తి వాక్యాలు ఇవ్వాలనీ, జవాబుల పక్కన కారణం ఒక్క వాక్యంలోనైనా అచ్చువేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర