ద్రోహులనే ముందు లెక్క చూడండి

సంపాదకులకు,

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీల్లో జరిగే ప్రైమరీ ఎన్నికల గురించి ఇటీవల మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడ ఎంత కొట్టుకున్నా ఫలితం తేలగానే అందరూ ఒక్క జెండా కిందికి వచ్చేస్తారనీ, మనవాళ్ళకు ఆ క్రమశిక్షణ లేదనీ దాని సారాంశం. ఓడిన అభ్యర్థి వెంట నడిచి, గెలిచినవారికి ఓటు వేయడానికి మనసొప్పని వారిని వ్యాసకర్త ఏకంగా పార్టీ ద్రోహులన్నారు. రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. అక్కడ కూడా ఐక్యత దానంతటది ఊడిపడదు. బతిమాలి, బేరమాడి, పదవులిచ్చి, ఒక్కోసారి అప్పులు తీర్చి మరీ తెచ్చుకుంటారు. తెచ్చుకోలేక చేతులు కాల్చుకున్న ఏళ్ళూ ఉన్నాయి.

వ్యాసంలో ఉదాహరణగా చూపిన 2008నే తీసుకుందాం. డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల పోరు జనవరి 3న అయోవాలో మొదలై జూన్ 3న మోంటానా, దక్షిణ డకోటాలతో ముగిసింది. ఇద్దరికీ అటూ ఇటూగా చెరో కోటీ డెబ్బై అయిదు లక్షల ఓట్లు. మిషిగన్‌ను కలిపితే ఆమెది పైచేయి, తీసేస్తే ఆయనది. పేచీ అంతా అక్కడే వచ్చింది. పార్టీ అనుమతించిన తేదీకంటే ముందే పోలింగ్ పెట్టుకున్నందుకు మిషిగన్, ఫ్లోరిడాల ప్రతినిధులెవరినీ (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునేది వీళ్ళే) లెక్కలోకి తీసుకోబోమని జాతీయ కమిటీ తేల్చేసింది. మిషిగన్ బ్యాలట్ నుంచి ఒబామా తన పేరు తీసేయించుకున్నారు, హిల్లరీ ఉంచుకున్నారు.

ఈ పంచాయితీ మే 31న వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో, టీవీ కెమెరాల ఎదుట, పార్టీ నిబంధనల కమిటీ ముందుకొచ్చింది. రెండు రాష్ట్రాల ప్రతినిధులకూ తలా అర ఓటు ఇచ్చారు. ఫ్లోరిడా మీద ఒక్కరూ వ్యతిరేకించలేదు. మిషిగన్ దగ్గర అగ్గి రాజుకుంది. పోలైన ఓట్లను బట్టి హిల్లరీకి 73 మంది, ‘ఎవరికీ కట్టుబడం’ అని పడిన ఓట్ల కోటాకు 55 మంది ప్రతినిధులు రావాలి. కమిటీ దాన్ని 69, 59గా మార్చి, ఆ 59 మందిని ఒబామా ఖాతాలో వేసింది. అటు నుంచి ఇటు మారింది నలుగురు. తలా అర ఓటు చొప్పున చూస్తే రెండంటే రెండు ఓట్లు. కమిటీలోనే సభ్యుడిగా ఉన్న హిల్లరీ సలహాదారు హెరాల్డ్ ఐక్స్ ఆ నలుగురినీ హైజాక్ చేశారని మండిపడ్డారు. తీర్మానం 19–8 తేడాతో నెగ్గింది. హాల్లో ఉన్న ఆమె మద్దతుదారులు ‘డెన్వర్, డెన్వర్’ అని అరిచారు. ఆగస్టులో డెన్వర్‌లో జరిగే పార్టీ మహాసభ దాకా పోరాడి అక్కడే తేల్చుకుందామని.

ఆ రెండు ఓట్లతో హిల్లరీ గెలిచేవారు కాదు, నిజమే. ఫలితం మారదు కదా అన్నది గెలిచినవాళ్ళ లెక్క. తాము వేసిన ఓటు చివరికి ఎవరి ఖాతాలో పడిందన్నది ఓడినవాళ్ళ లెక్క. విచిత్రం ఏమిటంటే, ఆ రెండు రాష్ట్రాలకూ పూర్తి ఓటు హక్కును ఆగస్టు 24న పార్టీయే తిరిగి ఇచ్చేసింది, అప్పటికి దానితో ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి!

ఒబామా అదృష్టమో తెలివో గానీ, ఆయన ఈ కోపాన్ని ద్రోహమని కొట్టిపారేయలేదు. మార్చిలో గాలప్ సంస్థ సర్వే చేసినప్పుడు హిల్లరీ మద్దతుదారుల్లో 28 శాతం మంది, ఆమె ఓడితే రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కు వేస్తామన్నారు. ఒబామా మద్దతుదారుల్లోనూ అలా అన్నవారు 19 శాతం ఉన్నారన్న సంగతి మన వ్యాసకర్త ప్రస్తావించలేదు. జూన్ 7న హిల్లరీ బరిలోంచి తప్పుకొని ఆయనకు మద్దతు ప్రకటించారు. ప్రచారంలో ఆమెకు కోట్ల డాలర్ల అప్పు మిగిలింది. దాన్ని తీర్చడంలో చేయి వేయమని ఒబామా తన దాతలను అడిగారు, తన సొంత చెక్కూ రాసిచ్చారు. జూన్ 27న ఇద్దరూ కలిసి న్యూ హాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊరికి వెళ్ళారు. ఊరి పేరుకే కాదు, ఓట్లకూ అర్థముంది. ప్రైమరీలో అక్కడ ఆమెకు 107, ఆయనకు 107. మహాసభలో రాష్ట్రాలవారీ ఓటింగ్‌లో ఆమె పేరును కూడా పిలిపించారు. న్యూయార్క్ వంతు రాగానే ఆమే లేచి, ఒబామాను హర్షధ్వానాలతో ఎన్నుకుందామని ప్రతిపాదించారు. తర్వాత విదేశాంగ మంత్రి పదవి దక్కింది. నవంబరు ఎగ్జిట్ పోల్స్‌లో, ప్రైమరీలో హిల్లరీని కోరుకున్న డెమొక్రాట్లలో పదికి ఎనిమిది మందికి పైగా ఒబామాకే వేశామన్నారు. మిగిలినవాళ్ళు వేయలేదు. ఆయన 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. అంత కష్టపడినా అందరూ రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయమే.

1980లో డెమొక్రాట్లకు ఆ పని చేతకాలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు కార్టర్‌ను సొంత పార్టీలోనే ఎడ్వర్డ్ కెనడీ సవాలు చేశారు. ప్రైమరీలో ఎవరి తరఫున గెలిచిన ప్రతినిధి వారికే కట్టుబడాలన్న నిబంధనతో కార్టర్ నెగ్గారు. న్యూయార్క్ మహాసభ చివరి రాత్రి వేదిక మీద, చేతులు కలిపి పైకెత్తే ఫోటో కోసం కార్టర్ ఆయన వెంట తిరిగారు. కెనడీ కరచాలనంతో సరిపెట్టారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మనకో సామెత ఉంది. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి రీగన్ చేతిలో కార్టర్‌కు మిగిలినవి ఆరు రాష్ట్రాలు, రాజధాని నగరం.

2016 సంగతి అందరికీ తెలిసిందే. డెమొక్రాటిక్ ప్రైమరీల్లో ఓడిన శాండర్స్ జులై 12న హిల్లరీకి మద్దతు పలికారు. పది రోజులకు పార్టీ జాతీయ కమిటీ ఈ-మెయిళ్ళు బయటపడి, తటస్థంగా ఉండాల్సిన కార్యాలయంలో కొందరు హిల్లరీ వైపు మొగ్గారని లోకానికి తెలిసిపోయింది. ఆ కమిటీ అధ్యక్షురాలు రాజీనామా చేయాల్సి వచ్చింది. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలలో మొత్తం 80 వేలలోపు ఓట్ల తేడాతో ట్రంప్ చేతిలో హిల్లరీ ఓడాక, తప్పంతా శాండర్స్ ఓటర్ల మీద వేశారు. ఆ ఈ-మెయిళ్ళు రాసినవారి విధేయత గురించి అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. రెండేళ్ళకు పార్టీయే నిబంధన మార్చింది. ప్రైమరీల్లో ఎవరూ ఎన్నుకోకపోయినా హోదాను బట్టి మహాసభలో ఓటు వేసే పార్టీ పెద్దలకు, అంటే సూపర్ డెలిగేట్లకు, పోటీ ఉన్నప్పుడు, మొదటి రౌండులో ఓటు లేకుండా చేసింది. గొడవ చేసినవాళ్ళ మాటలో పస ఉందని ఒప్పుకున్నట్టే కదా.

నాయకుడి మాట వేరు. పోటీకి దిగేటప్పుడే నిబంధనలు ఒప్పుకుని దిగుతాడు కాబట్టి, ఓడాక నిలబడి మాట్లాడాల్సిన బాధ్యత అతనికి ఉంది. గెలిచినవారికి మద్దతిస్తామని సంతకం చేసి, 2016లోనే రిపబ్లికన్ పార్టీ క్లీవ్‌లాండ్ మహాసభ వేదికెక్కి ‘మనస్సాక్షి ప్రకారం ఓటేయండి’ అన్న, ప్రైమరీల్లో ట్రంప్ చేతిలో ఓడిన టెడ్ క్రూజ్‌ను నిలదీయవచ్చు. (ఆ సంతకానికి కట్టుబడనని ట్రంప్ అంతకుముందే అన్నారు లెండి.) సామాన్య ఓటరు ఎవరికీ సంతకం పెట్టివ్వలేదు.

ఇక మన దగ్గరికి. వ్యాసకర్త మన రెబల్ అభ్యర్థులను తిట్టారు. అసలు ఇక్కడ ఓడించిందెవరు? ఏ కార్యకర్త ఎవరికి ఓటేశాడు? టికెట్ ఆశించినవాళ్ళు దరఖాస్తు పెడతారు, అధిష్ఠానం గడప తొక్కుతారు. మన ఫోనుకు ఒక రికార్డు గొంతు వచ్చి ఫలానా వారు కావాలంటే ఒకటి నొక్కమంటుంది. ఎందరు ఏ అంకె నొక్కారో బయటికి చెప్పరు. ఒక రాత్రి జాబితా వస్తుంది, బీ ఫారం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. మర్నాటి నుంచి అలకలు, బుజ్జగింపులు, ఉపసంహరణ గడువు దాకా రాయబారాలు. మాట వినకపోతే వేటు, పక్క పార్టీ కండువా. డబ్బూ కులమూ పలుకుబడీ చూసి పార్టీ మారేవాళ్ళు లేరనను, వాళ్ళే ఎక్కువేమో కూడా. కానీ ఇరవై ఏళ్ళు జెండా మోసిన మండల స్థాయి కార్యకర్తకు, నీ మనిషి ఇన్ని ఓట్ల తేడాతో ఓడిపోయాడని చూపడానికి మన ఏ పార్టీ దగ్గరా ఒక కాగితం లేదు. హిల్లరీ మనుషులకు కనీసం 69, 59 అనే అంకెలున్నాయి, వాటిమీద అరవడానికో హాలుంది.

మీ పత్రికకు ఒక మనవి. వచ్చే టికెట్ల సీజనులో ఎవరు అలిగారు, ఎవరి ఇంటికి ఎవరు రాయబారం వెళ్ళారన్న వార్తలతో పాటు, ప్రతి నియోజకవర్గంలో అభ్యర్థిని ఏ పద్ధతిలో నిర్ణయించారు, సర్వే చేసి ఉంటే అందులో ఎవరికి ఎంత వచ్చింది అని ఆయా పార్టీలను అడిగి వేయండి. జవాబు చెప్పని పార్టీ పేరు పక్కన ‘చెప్పలేదు’ అని అచ్చువేయండి.

ఇట్లు,
విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం