తప్పు మీ రౌటర్‌ది కాదు, నాదే

టీవీ మీద మెనూ చూపించే నా మెనూ బోర్డు పెట్టెలు తీసుకున్నవాళ్లందరికీ నమస్కారం.

కొత్త పెట్టెలు వైఫై పట్టడం లేదని ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ ఒకటే పాట పాడాను: "రౌటర్ ఆపి, మళ్లీ ఆన్ చేయండి సార్." మొన్న మంగళగిరిలో ఒక టిఫిన్ సెంటర్‌కి వెళ్లి, పెనం పక్కన స్టూలేసుకుని కూర్చున్నాక గానీ తెలిసిరాలేదు. రౌటర్ లక్షణంగా ఉంది. ఓనర్ గారి ఫోనూ, బిల్లింగ్ మిషనూ దాని మీదే నడుస్తున్నాయి.

పెట్టెలో ఉండేది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఇదివరకు మెమరీ కార్డులో చిన్న ఫైలు పెట్టి, అందులో వైఫై పేరూ పాస్‌వర్డూ రాస్తే బోర్డు ఆన్ కాగానే చదువుకునేది. మీకిచ్చిన కాగితంలో ఉన్నదీ అదే. 2023 అక్టోబరులో ఆ బోర్డు ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చిన బుక్‌వార్మ్ అనే వెర్షన్‌తో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడంతా నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది, పాత ఫైలు మొహం కూడా చూడదు. తప్పు జరిగిందని టీవీ మీద ఒక్క ముక్కా రాదు. నేను కార్డులు కొత్తవి చేసి, కాగితం మాత్రం పాతదే జిరాక్స్ తీయించాను. అంతే జరిగింది.

రేకు డబ్బా సంగతీ చెప్పాలి. ప్లాస్టిక్ డబ్బా చవకబారుగా కనిపిస్తోందని రేకుకి మార్చాను. అక్కడే మూత తీసి చూస్తే, నాలుగు గీతల్లో ఒకటే ఉన్న సిగ్నల్ మూడుకి వచ్చింది! ప్లాస్టిక్ మూతలు చేయిస్తున్నాను గానీ ఈ నెలలో రావు. అప్పటిదాకా పెట్టెను టీవీ వెనక కాకుండా పక్కకి వేలాడదీయండి. అన్నట్టు, ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. రౌటర్‌లో 5జీ అని విడిగా కనిపించే పేరు దానికి కనబడదు. ఇది అమ్మేరోజే చెప్పాల్సింది.

సోమవారం నుంచి కొత్త కార్డులు కొరియర్‌లో వస్తాయి, ఖర్చు నాదే. కరెంటు తీసేసి, పాత కార్డు గోరుతో లాగి కొత్తది పెట్టండి. పెట్టే సొంతంగా హాట్‌స్పాట్ ఇస్తుంది. ఫోన్ దానికి కలిపి, మీ వైఫై పేరూ పాస్‌వర్డూ కొడితే చాలు. ఫైళ్ల గొడవ ఉండదు.

నా మాట విని కొత్త రౌటర్ కొన్న స్వీట్ షాపు ఆయన ఆ బిల్లు నాకు పంపండి. డబ్బు మొత్తం ఇచ్చేస్తాను.