చిత్తూరు నుంచి అలిపిరి దాకా మాకు తోడున్నవాళ్లకు

ఇంటికొచ్చి రెండు రోజులు వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఈ పొద్దు పాదాలు చెప్పుల్లో పట్టాయి. ఇంకా ఆలస్యం చేస్తే సగం మొహాలు మర్చిపోతానేమోనని భయం, అందుకే చెప్పాల్సినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పేస్తున్నాను.

గురువారం తెల్లవారుజామున చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గర 31 మందిమి బయల్దేరాం. దారిలో ఊరూరా ఆగి రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడడం, వైద్యంలో ఉన్న పేదవాళ్ల కోసం చందా పోగేయడం, ఆదివారానికి అలిపిరి చేరడం, ఇదీ అనుకున్న పని. చుట్టూ తిరిగిన ఊళ్లతో కలిపి 70 కిలోమీటర్ల పైచిలుకే అయింది. మధ్యలో ఏడుగురు ఇంటికెళ్లారు. ఒకరికి మోకాలు, ఒకరికి మనవడి జ్వరం, మిగతావాళ్లకు శనివారం నాటి వాన. దారిలో 11 మంది వచ్చి కలిశారు. అలిపిరిలో లెక్కపెడితే 35.

ఆలోచన మాది కాదు. మా చెల్లెలి కూతురు శాన్ డియాగోలో ఉంటుంది. అక్కడ సుసాన్ జి. కోమెన్ సంస్థవాళ్లు మూడు రోజుల్లో 60 మైళ్లు, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లు నడిపిస్తారు. రాత్రిళ్లు పడుకోవడానికి గులాబీ రంగు డేరాలు. నడిచే ఒక్కొక్కరూ 2,300 డాలర్లన్నా చందా తేవాలి. ఆ పాప ఫొటోలు పంపించి, "పెద్దమ్మా, సుసాన్ అనే ఆమె 1980లో 36 ఏళ్లకే చనిపోయింది. అక్కకిచ్చిన మాట కోసం ఆమె చెల్లెలు 1982లో ఈ సంస్థ పెట్టింది" అని చెప్పింది. పక్కనే ఉన్న మా చెల్లెలు ఆ మాట పట్టుకుంది. "మనకు డేరాలూ లేవు, డాలర్లూ లేవు గానీ, తిరుపతి దాకా నడవలేమా అక్కా? మన తాతలు నడిచిపోలేదా?" అంది. అట్లా మొదలైంది.

ముందుగా నా సంచి మోసిన పాపకు. పక్కింటివాళ్ల అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం. రీల్స్ తీసుకోవడానికి వస్తున్నానని వాళ్లమ్మకు చెప్పి వచ్చింది, నాకూ అదే చెప్పింది. నాకు ఎడమవైపు ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. చంకలోని గ్రంథులు కూడా తీసేశారు కాబట్టి ఆ చేతిలోకి దిగిన నీరు సరిగ్గా వెనక్కి పోదు. బరువు మోసినా, ఎండలో చెయ్యి వేలాడేసి నడిచినా వాచిపోతుంది. బిగుతుగా ఉండే స్లీవ్ తొడుక్కుని నడిచాను. ఈ సంగతి ఆ పాపకు మొదటిరోజు కాణిపాకం దారిలో చెప్పాను. అంతే, అప్పటినుంచి గంటకోసారి రావడం, స్లీవ్ కింద నా అరచేతి వెనక బొటనవేలితో నొక్కి పట్టుకోవడం, వదిలి చూడడం. గుంట పడిందా, "కూర్చో ఆంటీ" అని అక్కడికక్కడే కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తి తన భుజం మీద పెట్టుకునేది. నాలుగు రోజుల్లో ఎన్ని రీల్స్ తీసిందో అడిగితే రెండు అంది. ఒకదాంట్లో నా నిద్ర.

మైకు ఆటో అన్నకు చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము రికార్డింగు చేయించిన కుర్రవాడు తెచ్చిన క్యాసెట్టులో (ఇప్పుడు పెన్‌డ్రైవే అయినా నా నోటికి క్యాసెట్టే) "మహిళలకు వచ్చే ఒకానొక వ్యాధిపై అవగాహన నడక" అని ఉంది. ఏం నాయనా, ఆ వ్యాధికి పేరు లేదా అంటే, "ఆ మాట మైకులో ఎట్లా చెప్పేది మేడం" అని తల దించుకున్నాడు. ఫ్లెక్సీ వేసినాయన కూడా అంతే. "బ్రెస్ట్ అని వేద్దాం మేడం, డీసెంటుగా ఉంటుంది" అన్నాడు. సగం ధరకే వేసిచ్చాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనను, ఇంగ్లీషులో అంటే వేరే ఎవరి ఒంటి సంగతో అన్నట్టు ఉంటుంది, అది నాకూ తెలుసు. గడ్డ చేతికి తగిలాక ఎనిమిది నెలలు నేను ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాను. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవని తర్వాత తెలిసింది. తీరా డాక్టరమ్మ దగ్గరికెళ్లి కూడా "ఛాతీలో ఏదో" అన్నాను. ఆవిడ గుండెకు ఈసీజీ రాసింది!

కాబట్టి ఈసారి నేనే కూర్చుని, "రొమ్ము క్యాన్సర్" అని నా గొంతుతో మళ్లీ రికార్డు చేశాను. ఆటో అన్న దాన్ని ఎక్కడా సౌండు తగ్గించకుండా వేశాడు. టీ కొట్టు దగ్గర మగవాళ్లు నలుగురు నవ్వితే ఆటో ఆపి, "ఇది మగవాళ్లకు కూడా వస్తుందంట, నూటికి ఒక్కరికన్నా తక్కువే గానీ వస్తుందంట, విను" అని మళ్లీ వేశాడు. వాళ్ల వీధిలో కూడా వేశాడట. శుక్రవారం రాత్రి వాళ్లావిడ ఆయన్ని ఏదో అడిగింది. ఏమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. శనివారం పొద్దున ఆటో వెనక సీట్లో ఆమె కూర్చుని ఉంది. స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదని నిన్న ఫోన్ చేశాడు. అన్నా, డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు నువ్వు. అది మాత్రం ఒప్పుకోను.

కాణిపాకంలో మాతో కూర్చున్న ఏఎన్ఎం మేడంకు చాలా రుణపడ్డాను. వరసిద్ధి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేస్తే ఊరుకోడని మా వైపు నమ్మకం. చిన్నప్పుడు పెన్సిలు పోయినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అనేవాళ్లం. మేడం ఆ సాయంత్రం సత్రం వరండాలో నలభైమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, "గుడి పక్కనే ఉండారు, అబద్ధం చెప్పకండి. ఎవరెవరు ఎప్పుడన్నా చూసుకున్నారు?" అని అడిగింది. ముందు నవ్వులు, తర్వాత నిశ్శబ్దం. లేచిన చేతులు మూడు. అప్పుడామె చీర కొంగు నడుముకు దోపుకుని, జాకెట్టు మీదనే చేతితో చూపించింది: మూడు వేళ్లు కలిపి, వేళ్ల మెత్తటి వైపుతో గుండ్రంగా నొక్కుతూ, చంక దాకా పోవాలి. చర్మం లోపలికి లాక్కున్నట్టున్నా, చనుమొన లోపలికి తిరిగినా, రక్తం చుక్క కనిపించినా, చంకలో గడ్డ తగిలినా ఆగొద్దు. 30 దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే పరీక్ష చేస్తారు, సిగ్గుపడేదానికి అక్కడ ఉండేది నాలాంటి ఆడవాళ్లే కదా అంది. 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షలమందికి ఈ జబ్బు బయటపడిందని ఆమే చెప్పింది. ఒక ముసలామె వెంటనే "అంతమందికి వస్తే ఇంక నాకేం సిగ్గు" అని లేచి లోపలి గదికి వెళ్లింది. ఆమె వెనక వరస కట్టారు.

ఇక రెండో రాత్రి. పాకాల వైపు ఒక కళ్యాణ మండపం మాట్లాడుకుని అడ్వాన్సు కూడా ఇచ్చాం. సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి, పెళ్లిళ్లు జరిగే చోటు, క్యాన్సర్ వాళ్లు పడుకున్నారంటే జనం ఏమనుకుంటారో అన్నారు. అంటుజబ్బు కాదని చెప్పే ఓపిక ఆ పూట లేదు. అడ్వాన్సు తిరిగొచ్చింది, పేరెందుకు. అప్పుడు తన బడి రెండు గదులు తెరిచిపెట్టిన హెడ్మాస్టరు సారుకు, ఇంట్లోంచి బొంతలు తెచ్చిన పిల్లల తల్లులకు నమస్కారం. పొద్దున్నే పిల్లలు వచ్చేలోపు గదులు ఊడ్చిపెట్టి వచ్చాం గానీ, బ్లాక్‌బోర్డు మీద మా చెల్లెలు వేసిన ముగ్గు చెరపడం మర్చిపోయాం. సార్, క్షమించాలి.

దారంతా మమ్మల్ని చూసినవాళ్లు కొండకు పోయే పాదయాత్ర అనే అనుకున్నారు. "గోవిందా" అంటే మేమూ "గోవిందా" అన్నాం, అందులో అబద్ధమేముంది. మమ్మల్ని ఆపి మజ్జిగ ఇచ్చినవాళ్లు, ఉడకేసిన శనక్కాయలు దోసిట్లో పోసినవాళ్లు, సీతాఫలాల గంప దించి "ఏరుకోండి మా" అన్న అవ్వ, ఎవరినీ పేరు అడగలేదు. ఫ్లెక్సీ చదివాక కొంతమంది మొహం మారేది. కొంతమంది మాత్రం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మా వదినకు కూడా" అనేవాళ్లు. శనివారం వాన కొట్టినప్పుడు మామిడితోపు కాపలా గుడిసెలో మమ్మల్ని దూర్చిన తాత, తను మాత్రం గోనెపట్ట కప్పుకుని బయటే నిలబడ్డాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు, ఆడవాళ్లు ఉండారు అన్నాడు.

చంద్రగిరిలో టైలరక్కకు వేరుగా చెప్పుకోవాలి. మాలో ఒకామె ఆపరేషన్ అయినవైపు జాకెట్టులో చేతిగుడ్డలు కుక్కుకుని నడుస్తోంది. చెమటకు ముద్దయి జారిపోతున్నాయి, నిమిషానికోసారి సర్దుకోవడం. టైలరక్క ఒక్క చూపులో పట్టేసింది. లోపలికి తీసుకెళ్లి జాకెట్టు విప్పించి, లోపలివైపు మెత్తటి మల్లుగుడ్డతో జేబు కుట్టింది. దూది నింపి ఒక గుండ్రటి దిండు చేసింది. ఇచ్చే ముందు అరచేతిలో తూచి, తేలిగ్గా ఉంది, ఇట్లాగైతే భుజం ఒక పక్కకు వంగుతుంది అని, విప్పి దూది మధ్యలో ఇన్ని ఆవాలు మూటకట్టి పెట్టి మళ్లీ కుట్టింది. ముప్పావు గంట పట్టింది. ఎంతివ్వాలంటే కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండా చెయ్యి ఊపింది. మాతో ఉన్నామె తిరుపతి దాకా చెయ్యి కొంగు దగ్గరికి పోనివ్వకుండా నడిచింది.

లెక్క కూడా చెప్పేస్తాను, నలుగురి డబ్బు కాబట్టి. హుండీలోనూ ఫోన్‌లోనూ కలిపి వచ్చింది 1,86,450 రూపాయలు. ఎన్టీఆర్ వైద్యసేవలో వైద్యం ఖర్చు చాలావరకు పోతుంది, ఆడవాళ్లకు 2025 ఆగస్టు నుంచి మామూలు బస్సుల్లో టికెట్టూ లేదు. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి రావాలి. తోడొచ్చే మొగుడికో కొడుక్కో బస్సు చార్జీ, ఇద్దరికీ తిండి, పోయిన కూలి, చేతికి స్లీవ్, వీటికి ఏ కార్డూ లేదు. ఈ డబ్బు వాటికే. ఎవరికెంత ఇచ్చామో రసీదులు మా చెల్లెలి దగ్గర ఉంటాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఆగిపోయాం. పైకి 3,550 మెట్లు, ఇంకోసారి చూద్దాం. కూర్చున్న చోటే మాకు బొబ్బలు కడిగి కట్లు కట్టిన మెడికల్ షాపు తమ్ముడూ, నీకు కూడా.

ఆఖరుగా, పనపాకం దాటాక రోడ్డు పక్క ఇంట్లోంచి రాగి సంగటి, ఊరిబిండి (మా వైపు శనక్కాయల పచ్చడి) తెచ్చిపెట్టిన అమ్మకు. హడావిడిలో మీ ఊరిబిండి గిన్నె మా సంచిలో వచ్చేసింది. స్టీలు గిన్నె, మూత లేదు, అంచు కింద చుక్కలతో రెండక్షరాలు, పెళ్లి తేదీ చెక్కి ఉన్నాయి. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా ఇంట్లో లేదు. వచ్చే ఆదివారం మా చెల్లెలూ నేనూ వస్తాం, నడిచి కాదు, పల్లెవెలుగులో. నీలం గేటు, ముందు కరివేపాకు చెట్టు అనే గుర్తు. ఇల్లు అది కాకపోతే కాస్త చెప్పండి.