డీజిల్ కాంబి గురించి మీరు రాసింది సగమే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో యూరప్ కార్ల మీద వచ్చిన వ్యాసాన్ని మా నాన్న విజయవాడ నుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. యూరప్‌లో డీజిల్ పని అయిపోయిందని, స్టేషన్ వేగన్ (పైకప్పు వెనక దాకా సాగి, డిక్కీ లోపలే కలిసి ఉండే పొడుగు కారు) అక్కడ రిటైరైనవాళ్లు తోలుకునే బండి అని రాసిన చోట పెన్నుతో గీత గీసి, "ఇది నీ బండి గురించేనా అమ్మాయ్?" అని అడిగారు. నా బండి గురించే. అందుకే ఈ ఉత్తరం.

నేను జర్మనీలో ఉల్మ్‌లో ఉంటాను. ఉద్యోగం ఆగ్స్‌బర్గ్‌లో. పోను 80 కిలోమీటర్లు, రాను 80. వారానికి నాలుగు రోజులు. మా ఆయనకు డ్రైవింగ్ రాదు కాబట్టి పిల్లల బడి, సరుకులు, సెలవులు అన్నీ నా చేతిమీదే. ఏడాదికి 30 వేల కిలోమీటర్ల దాకా తిరుగుతాను. 2019లో మూడేళ్లు వాడిన స్కోడా ఆక్టావియా కాంబి ఆర్‌ఎస్ కొన్నాను. 2 లీటర్ల డీజిల్ ఇంజిన్, 184 హార్స్‌పవర్, ఆరు గేర్లు, చేత్తో వేసుకునేవే. కాంబి అంటే ఇక్కడ స్టేషన్ వేగన్. ఆర్‌ఎస్ అంటే ర్యాలీ స్పోర్ట్. మామూలు ఆక్టావియా కంటే కాస్త కిందికి ఉంటుంది, సీట్లు నడుమును పట్టి ఉంచుతాయి, చక్రాల సందుల్లోంచి ఎర్ర బ్రేక్ కాలిపర్లు (చక్రాన్ని ఆపే బ్రేకు పట్లు) కనబడతాయి.

అప్పట్లో డీజిల్ కారు కొంటున్నానంటే ఆఫీసులో అందరూ వద్దన్నారు. 2018 ఫిబ్రవరిలో లైప్‌జిగ్‌లోని ఫెడరల్ కోర్టు, నగరాలు పాత డీజిల్ బండ్లను ఆపుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ మే నెలాఖరులోనే హాంబర్గ్ రెండు రోడ్ల మీద ఆపేసింది. 2019 జనవరి 1 నుంచి స్టుట్‌గార్ట్ యూరో 4, అంతకంటే పాత డీజిళ్లను ఊళ్లోకి రానివ్వనంది. యూరో అంటే ఇక్కడి పొగ ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ నిబంధన కఠినం. జనానికి డీజిల్ పేరు చెబితేనే టెన్షన్. నేను చూసిన కారు యూరో 6. దానికి ఏ నిషేధమూ లేదు. అయినా ఆ భయానికి రేటు తగ్గింది, నాకు అందింది.

ఇలాంటి కార్లు మన వైపు ఎప్పుడూ నిలబడలేదు. టాటా ఎస్టేట్ వచ్చింది, మారుతి బలెనో ఆల్టురా వచ్చింది, ఇండిగో మెరీనా వచ్చింది. ఈ ఆక్టావియా కాంబి కూడా కొన్నాళ్లు అమ్మారు. డిక్కీ విడిగా వెనక్కి పొడుచుకొస్తేనే మనవాళ్లకు కారు కింద లెక్క. మా నాన్న కూడా మొదటిసారి చూసినప్పుడు "ఏంటమ్మా, అంబులెన్సులా ఉంది" అన్నారు. ఆయన అభిప్రాయం ఎలా మారిందో చెప్పాలి.

నాన్న ఆటోనగర్‌లో 35 ఏళ్లు డీజిల్ పంపు మెకానిక్. లారీల పంపులు విప్పి, కడిగి, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు సెట్ చేసి బిగించిన చేతులు. మైకో పంపు అంటే ఆయనకు ఇంట్లో మనిషి లెక్క. ఆ మైకోయే ఇప్పుడు బాష్, దాని పుట్టిల్లు మాకు గంటన్నర దూరంలో ఉన్న స్టుట్‌గార్టే. 2022 జనవరిలో ఇక్కడికి వచ్చారు. ఒక పొద్దున మైనస్ 6 డిగ్రీలు. పిల్లల్ని ఎక్కించి నేను స్టార్ట్ చేస్తే ఆయన ఎక్కలేదు. చేతికి వేసుకున్న ఉన్ని గ్లోవు తీసి బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. తర్వాత వెనక్కి వెళ్లి, మెళ్లో ఉన్న తెల్ల తువ్వాలు తీసి సైలెన్సర్ గొట్టం ముందు పట్టుకున్నారు. అరనిమిషం అలాగే పట్టుకుని వెలుతుర్లోకి తెచ్చి చూసుకున్నారు. చెమ్మ తప్ప ఒక్క నల్ల చుక్క లేదు. "పొగేదమ్మా?" అన్నారు. మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుందని, అది నిండినప్పుడు ఇంజినే దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేస్తుందని చెప్పాను. "మేం నాజిల్‌ని 200 బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకునేట్టు సెట్ చేసేవాళ్లం, దీనికెంత?" అన్నారు. దాదాపు 2000 బార్ల ఒత్తిడితో కొడుతుందని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

ఆ శనివారం ఆయన్ని ఆగ్స్‌బర్గ్ తీసుకెళ్లాను. డీజిల్ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ దాన్ని 1897లో విజయవంతంగా నడిపించి చూపించింది ఆ ఊళ్లోనే. విట్టెల్స్‌బాఖ్ పార్కులో ఆయన పేరు మీద పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన చిన్న తోట ఉంది. జపాన్‌లో డీజిల్ ఇంజిన్లు చేసిన ఒక పారిశ్రామికవేత్త 1957లో కానుకగా ఇచ్చిన రాళ్లవి. నాన్న చెప్పులు విడవబోతే, మంచులో వద్దని నేనే ఆపాను.

ఇక బండి మోసే బరువు సంగతి. వెనక సీట్లు అలాగే ఉంచి డిక్కీలో 610 లీటర్ల జాగా. ఈ అంకె చదివితే ఏమీ తెలియదు. పోయిన వేసవిలో క్రొయేషియా సముద్రం దగ్గరికి వెళ్లినప్పుడు అందులో ఏం పెట్టానో చెబితే తెలుస్తుంది: రెండు పెద్ద సూట్‌కేసులు, పాప సైకిలు ముందు చక్రం విప్పి, పది కిలోల బియ్యం, కుక్కరు, మడత కుర్చీలు, పచ్చళ్ల సీసాలున్న అట్టపెట్టె. పైన కప్పే తెర మూసుకుంది, వెనకద్దం లోంచి రోడ్డు కనబడింది. నడుం ఎత్తు దాకా లేపక్కర్లేదు, అంచు కిందికే ఉంటుంది, సూట్‌కేసు నెట్టేస్తే చాలు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దాటాక టౌర్న్ కొండలు ఎక్కేటప్పుడు, మా అందరి బరువుతో, ఆరో గేరు మార్చకుండా లాగింది. పికప్ అంటే ఎర్రలైటు దగ్గర దూకడం అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం నిండు లోడుతో ఘాట్‌లో లారీని దాటేటప్పుడు బండి నోరు విప్పకుండా పోవడమే పికప్. ఉల్మ్‌లో ట్యాంకు నింపితే సుమారు 700 కిలోమీటర్లు, సముద్రం దాకా మళ్లీ బంకు చూడలేదు. రోజువారీ తిరుగుడులో మైలేజీ లీటరుకు 17.

డీజిల్ అందరికీ మంచిదని నేను అనను. దీనికి ముందు మాకు ఓ చిన్న డీజిల్ కారు ఉండేది. అప్పుడు నా తిరుగుడంతా పిల్లల కిండర్‌గార్టెన్‌కు మూడు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి మూడు. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసేదాన్ని. ఫిల్టర్ మసితో నిండి లైటు వెలిగింది. మెకానిక్ చూసి, దీన్ని అరగంట ఆటోబాన్ (ఇక్కడి ఎక్స్‌ప్రెస్ హైవే) మీద తోలుకురమ్మన్నాడు. తోలితే ఆరింది, రెండు నెలలకు మళ్లీ వెలిగింది. తప్పు నాది, ఆ వాడకానికి డీజిల్ కొనడం. పైగా పన్ను కూడా అలాగే ఉంటుంది: ఇంజిన్ సైజు మీద ఏటా పడేది ప్రతి 100 సీసీకి పెట్రోలుకు 2 యూరోలు, డీజిల్‌కు 9.50. అదే బంకులో లీటరు డీజిల్ మీద పన్ను పెట్రోలు కంటే 18 సెంట్లు తక్కువ. ఎక్కువ తిరిగితేనే ఇది కలిసొచ్చే లెక్క.

2015 సెప్టెంబరులో బయటపడిన మోసాన్ని కూడా నేను దాచను. నా కారు కంపెనీ ఉన్న ఫోక్స్‌వాగన్ గ్రూపే ఆ పని చేసింది. పొగ పరీక్ష గదిలో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టిన బండ్లు ప్రపంచమంతా కోటీ 10 లక్షలు. నాకిద్దరు పిల్లలు, వాళ్లు పీల్చే గాలి అది. తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది. కానీ మీ వ్యాసం ఆ పాత ఇంజిన్లనీ, తర్వాత వచ్చినవాటినీ ఒకే గాటన కట్టింది. యూరో 5 డీజిల్‌కు పొగలోని హానికర వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 180 మిల్లీగ్రాములు, యూరో 6కు 80. 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లను గదిలోనే కాదు, రోడ్డు మీద తోలి కూడా కొలుస్తున్నారు. తర్వాతి తరం ఆర్‌ఎస్ డీజిల్ 200 హార్స్‌పవర్‌తో వచ్చింది, అందులో ఆ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా నీళ్లను పొగగొట్టంలో రెండు చోట్ల చిమ్ముతారు. అది కూడా ఆగిపోయింది. 2024లో మార్చిన ఆక్టావియాలో ఆర్‌ఎస్ అంటే పెట్రోలు ఒక్కటే.

జనం ఇప్పుడు ఎత్తు బండ్లకు ఎగబడుతున్నారు. మన తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడికి రాగానే ఎస్‌యూవీయే చూస్తున్నాయి. అదే ఇంజిన్ ఎత్తు బండిలో పెడితే గాలిని ఎక్కువ తొయ్యాలి, బరువు ఎక్కువ మొయ్యాలి, డీజిల్ ఎక్కువ తాగుతుంది. పొగ తగ్గాలని డీజిల్ వేగన్ మానేసి రెండు టన్నుల పెట్రోలు ఎస్‌యూవీ కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇది నాకు బాధగా ఉంటుంది.

మీ పత్రికను ఇక్కడ ఫోన్లలో చాలామంది చదువుతారు, కొత్తగా వచ్చే పిల్లలు మరీను. కారు కొనేముందు తాము నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, అందులో ఊళ్లో ఎంతో, ఆటోబాన్ మీద ఎంతో కాగితం మీద వేసుకోమని వాళ్లకు ఒక ముక్క రాయండి. మూడు కిలోమీటర్ల వాళ్లు కరెంటు బండో, చిన్న పెట్రోలు బండో చూసుకోవచ్చు. నాలా రోజుకు 160 తిరిగేవాళ్లకు, వెనక ఇద్దరు పిల్లలున్నవాళ్లకు సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కాంబిలు ఇంకా దొరుకుతున్నాయి. నాది 2 లక్షల 20 వేల కిలోమీటర్లు తిరిగింది, క్లచ్ ఇంకా మార్చలేదు. ఆ వ్యాసం రాసినవారు ఎప్పుడైనా ఇటు వస్తే చెప్పమనండి, ఆగ్స్‌బర్గ్ దాకా ఎక్కించుకెళ్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉల్మ్, జర్మనీ