వాయిదా పడిన మందు గురించి నువ్వు అడిగావు కాబట్టి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లెలికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలిందని చదివి మనసు కలుక్కుమంది. పేరు వినగానే అందరికీ చక్రాల కుర్చీయే కళ్లముందు మెదులుతుంది. కానీ ఇప్పుడున్న మందులు తొందరగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి తమ పనులు తామే చేసుకుంటూ తిరుగుతున్నారని ముందుగా తనకు చెప్పు. ఇక నువ్వు అడిగినది, కోవిడ్ కాలంలో వైద్యం ఆగిపోయినప్పుడు అదే జబ్బున్న నేను ఎలా నెట్టుకొచ్చాను, మళ్లీ అలాంటిదేదైనా వస్తే తన గతి ఏమిటి అని. ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించిన నాటి నుంచి, ఎవరిని కదిపినా రోగనిరోధక శక్తి పెంచుకోమనే సలహాయే వినిపించేది. నా పరిస్థితి దానికి సరిగ్గా తలకిందులు. మెదడులోను, వెన్నుపాములోను నరాలకు తొడుగులా ఉండే మయెలిన్ అనే పొరను శరీరంలోని రక్షణ కణాలే పరాయి వస్తువనుకుని కొరుక్కు తినడం ఈ జబ్బు. ఆ కణాలను అణచి ఉంచడమే వైద్యం. అంటే జబ్బు నుంచి నన్ను కాపాడే మందే వైరస్ ముందు నన్ను నిరాయుధుణ్ణి చేస్తుందేమోనన్న అనుమానం నాకే కాదు, మా డాక్టరుగారికీ ఉండేది. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2020లో అంచనా వేశారు. అప్పట్లో వాళ్లలో చాలామంది ఇదే ప్రశ్నతో నిద్ర చెడగొట్టుకుని ఉంటారు.

నాకు ఇచ్చేది ఆక్రెలిజుమాబ్. ఆరు నెలలకొకసారి ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్‌లాగా నరంలోకి ఎక్కిస్తారు. గడువు దగ్గర పడుతుండగా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది: వార్డును కోవిడ్ రోగులకు కేటాయించామని, మందు ఎక్కించడం వాయిదా వేశామని, కొత్త తేదీ తరువాత చెబుతామని. అంతే. వాయిదా ఎన్నాళ్లో, ఆలోగా కాలు పడిపోతే ఎవరికి ఫోను చేయాలో ఫోను చేసిన ఆ పిల్లకూ తెలియదు పాపం, చదివి వినిపించమన్నది చదివింది. నాకు కోపం వచ్చింది వాయిదా మీద కాదు, ఎందుకు ఆగవచ్చో ఒక్క ముక్క చెప్పకపోవడం మీద.

ఎందుకంటే నా మందు విషయంలో ఆగడానికి గట్టి కారణమే ఉంది. అది రక్షణ కణాల్లో ఒక రకమైన బి కణాలను తుడిచిపెడుతుంది, అవి మళ్లీ పుట్టుకురావడానికి చాలామందిలో ఏడాది దాటుతుంది. కనుక ఒక మోతాదు కొన్ని నెలలు ఆలస్యమైనంత మాత్రాన జబ్బు వెంటనే విరుచుకుపడే ప్రమాదం తక్కువ. రక్తపరీక్షలో ఆ కణాల లెక్క చూసుకుంటూ ఆగవచ్చునని తరువాత డాక్టరుగారు వివరించినప్పుడు సగం దిగులు తీరింది. కానీ ఇదే మాట అందరికీ వర్తించదు, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. నటాలిజుమాబ్ తీసుకునేవాళ్లకు మందు ఆపితే కొద్ది నెలల్లోనే జబ్బు మునుపటికన్నా ఉధృతంగా తిరగబెట్టవచ్చు. నాలుగు వారాలకు బదులు ఆరు వారాలకొకసారి ఇవ్వడం దాకా సర్దుకోవచ్చు గానీ మానేయడం కుదరదు. ఫింగోలిమాడ్ మాత్రలది ఇంకో తీరు: అవి తెల్ల రక్తకణాలను శోషరస గ్రంథుల్లోనే బంధించి ఉంచుతాయి, ఉన్నట్టుండి మానేస్తే గేట్లు ఎత్తిన ఆనకట్టలా అవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మరోవైపు, పాతకాలపు ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరామర్ ఇంజెక్షన్లు వాడేవాళ్లకు వైరస్ విషయంలో ప్రత్యేకమైన ముప్పేమీ లేదు, ఇంట్లోనే పొడుచుకుంటారు కాబట్టి ఆస్పత్రి గడప తొక్కే పనీ లేదు. ఇన్ని తేడాలున్న మందులన్నిటినీ ఒకే గాటన కట్టి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు కొన్నాళ్లు ఆపితే మంచిది అని తెలిసీ తెలియని వాళ్లు చెప్పడం, భయంతో కొందరు చెప్పాపెట్టకుండా మానేయడం ఆ రోజుల్లో జరిగిన పెద్ద అన్యాయమని నా అభిప్రాయం.

వీడియోలో డాక్టరును చూడడం మరో విచిత్రం. నరాల పరీక్ష అంటే ముట్టుకుని చేసేది. మోకాలి కింద సుత్తితో తట్టాలి, అరికాలి మీద గీత గీయాలి, చీలమండ మీద కంపించే ఫోర్కు పెట్టి తెలుస్తోందా అని అడగాలి. అవేమీ కుదరవు కాబట్టి మా తమ్ముడు ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటే, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నేను వాడి మీదికి నడుచుకుంటూ వచ్చేవాణ్ణి. ఒకసారి డాక్టరుగారు ఫోనును నేల దగ్గరగా పెట్టమని, నన్ను చెప్పులు వేసుకుని నడవమని అన్నారు. నా కుడికాలి చెప్పు ముందుభాగం గచ్చును రాసుకుంటున్న చప్పుడు విని, పాదం పైకి లేవడం లేదని పట్టేశారు. మరోసారి కన్ను మసకగా ఉందంటే, ఎర్రటి సీసా మూత ఒకటి తెప్పించి, ఒక కన్ను మూసి చూడమని, తరువాత రెండోది మూసి చూడమని అన్నారు. ఎడమకంటికి రక్తంలా కనిపించిన ఎరుపు కుడికంటికి ఉతికి ఉతికి వెలిసిన బట్ట రంగులో కనిపించింది. కంటి నరం వాచినప్పుడు మొదట మసకబారేది ఎరుపే అట. మూత మాత్రం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది, ఎప్పుడైనా అనుమానం వస్తే పనికొస్తుందని.

ఆ కన్నే తరువాత పెద్ద తర్జనభర్జనకు దారితీసింది. జబ్బు తిరగబెడితే మూడు నుంచి ఐదు రోజుల పాటు రోజుకు ఒక గ్రాము చొప్పున మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించడం మామూలు పద్ధతి. అది కోలుకోవడాన్ని వేగిరపరుస్తుందే తప్ప, చివరికి ఎంత కోలుకుంటామన్నదాన్ని పెద్దగా మార్చదు. అందుకని చూపు బాగా పడిపోతే తప్ప ఆగుదామన్నారు, నాలుగైదు వారాల్లో అదే తేరుకుంది. నెల రోజుల లోపు పెద్ద మోతాదు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో కోవిడ్ తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువని ఇటలీ రోగుల సమాచారంలో తరువాత బయటపడినప్పుడు, ఆ నిర్ణయం సరైనదేనని తోచింది. తప్పనిసరి అయిన చోట అదే మందును పెద్ద మోతాదులో మాత్రలుగా ఇంటి దగ్గరే ఇవ్వడం కూడా అప్పుడు పెరిగింది.

జ్వరం గురించి మీ చెల్లెలికి మరీ మరీ చెప్పు. ఒళ్లు కాస్త వేడెక్కితే చాలు, మయెలిన్ దెబ్బతిన్న చోట పాత మచ్చలున్న నరాలు మొరాయిస్తాయి. ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే గమనించిన సంగతి ఇది. నాకు కోవిడ్ సోకినప్పుడు తొలిరాత్రి జ్వరానికి మంచం దిగలేకపోయాను, ఇక అయిపోయిందనుకున్నాను. జ్వరం దిగేసరికి కాళ్లు నా స్వాధీనంలోకి వచ్చాయి. కొత్త దాడి అనాలంటే లక్షణం కనీసం 24 గంటలు నిలవాలి, జ్వరం గాని ఇన్ఫెక్షన్ గాని దానికి కారణం కాకూడదు. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగులు చాలా తప్పుతాయి.

ఫిజియోథెరపీ ఆగిపోవడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు గానీ, నన్ను ఎక్కువగా దెబ్బతీసింది అదే. మందు ఆలస్యం ఎమ్‌ఆర్‌ఐలో కనిపించలేదు, చాలా ఆలస్యంగా తీసిన స్కానులో కొత్త మచ్చలు లేవన్నారు. కానీ పిక్కలు బిగుసుకుపోయి, మెట్లెక్కేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించే అలవాటు అప్పుడు పట్టుకున్నది ఇంతవరకూ పూర్తిగా వదల్లేదు. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్ ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు కూడా రావచ్చు కాబట్టి, దుకాణాలు మూస్తారేమోనన్న బెంగతో ఆ మాత్రలు మాత్రం ముందే తెప్పించి పెట్టుకున్నాను.

అసలు ఎవరికి ముప్పు ఎక్కువ అన్న ప్రశ్నకు తొలి జవాబు ఫ్రాన్సు నుంచి వచ్చింది. అక్కడ కోవిడ్ సోకిన 347 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులను పరిశీలిస్తే వయసు, స్థూలకాయం, నడక ఎంత దెబ్బతిన్నదన్నది ప్రధానమని తేలింది. నా మందు రకానికి చెందినవి కొంత ముప్పు పెంచుతాయని ఇటలీవాళ్లు తరువాత చూపించారు. టీకా దగ్గర కూడా ఇదే చిక్కు: బి కణాలు లేనివాడికి యాంటీబాడీలు సరిగా పుట్టవు. నాకూ పుట్టలేదు. అయితే మరో రకం రక్షణ కణాలైన టి కణాలు తమ పని తాము చేస్తాయని పరిశోధనల్లో తేలింది కాబట్టి ఊరట. తదుపరి మోతాదుకు నాలుగైదు వారాల ముందు టీకా పడేలా తేదీలు సర్దారు.

మీ చెల్లెలికి ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదని రాశావు కాబట్టి, నిజానికి ఇదే అదను. ఆక్రెలిజుమాబ్ లాంటిది ఇవ్వాలనుకుంటే మామూలు టీకాలు కనీసం రెండు వారాల ముందు, బతికున్న సూక్ష్మజీవులతో చేసినవి నాలుగు వారాల ముందు పూర్తి చేయాలి, హెపటైటిస్ బి పరీక్ష కూడా ముందే చేయించాలి. ఇచ్చే మందును ఎన్నాళ్లు ఆలస్యం చేయవచ్చు, ఆపితే ఏమవుతుంది అన్న ప్రశ్నను మొదటి మోతాదుకు ముందే అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోమను. మందు పేరు తేలగానే నాకు రాయి, అది నాకు తెలిసినదైతే మిగతా సంగతులు వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ మిత్రుడు